కనుమనాటి బొట్టు

గుంటూరు జిల్లాలో మాది రెండెకరాల సేద్యం. కనుమనాడు నాన్న ఎద్దులకి కాడి దించి, కొమ్ములకి రంగులేసి మొక్కేవాడు. వాటికి ఆరోజు సెలవు. అమ్మకి మాత్రం పాలు పిండటం, పేడ ఎత్తటం, గారెలకి మినప్పప్పు రుబ్బటం తప్పేవి కావు.

ఏటా అమ్మ చేత్తో బొట్టు పెట్టించుకున్న గేదె ఒట్టిపోయింది. ఓ కనుమ వెళ్లిన వారానికే నాన్న బేరం కుదిర్చాడు. అది ఈనిన రాత్రి నిద్రమాని కాపలా కాసిన అమ్మని ఒక్కమాట అడగలేదు. పలుపు విప్పింది మాత్రం అమ్మే.

మొక్కటం వేరు, మాట అడగటం వేరు. చాకిరీ చేసేవాళ్లకి నిర్ణయంలో చోటెందుకుండదని ఇవాళ నేను వ్యాసాలు రాస్తున్నాను. ఆ డబ్బు నా ఎమ్మే ఫీజుకే పోయింది. అడిగితే అమ్మ ఒప్పుకునే ఉండేదేమో. కానీ ఆరోజు నేనూ అడగలేదు.