మేము, మనం, వాళ్ళు: పందెపు గుంపులో బాధ్యతను గురించిన విచారణ

పోటీలు జరిగే చోట చూపరుల మధ్య రేగే ఘర్షణలను గురించి పాశ్చాత్య దేశాలలో జరిగిన చర్చ ఎక్కువగా ఫుట్‌బాల్ మైదానం చుట్టూ తిరిగింది. దక్షిణ రాయలసీమలో ఆ ఆటకు అంతటి జనాదరణ లేదు. అయితే తమ పక్షం, ఎదుటి పక్షం అని జనం విడిపోవడం, ఆ విభజన ఒక్కొక్కప్పుడు నెత్తురు చూడడం తిరుపతి, చిత్తూరు ప్రాంతాలకు తెలియనివి కావు. గుంపులో ఉన్న మనిషి గుంపు చేసిన పనికి ఎంతవరకు జవాబుదారీ అన్న ప్రశ్నను ఈ ప్రాంతపు ఉదాహరణలతోనూ, తెలుగు భాష ఆ విషయాన్ని చెప్పే తీరుతోనూ కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చంద్రగిరి మండలం ఎ.రంగంపేటలో కనుమ సందర్భంగా జరిగే పసువుల పండుగతో విచారణ మొదలుపెట్టవచ్చు. పత్రికలు దీనిని జల్లికట్టు అంటాయి. ఊరివారు పసువుల పండుగ అంటారు. భేదం పేరులోనే కాదు. తమిళనాట ఎద్దు మూపురాన్ని పట్టుకొని నిలవడం పందెం. ఇక్కడ కొమ్ములు చెలిగి, రంగులు పూసి, వాటికి చెక్క పలకలు కట్టి, డప్పుల మోత మధ్య పసువులను ఇరుకు వీధిలోకి తోలుతారు. ఇరుపక్కలా కాచుకొని ఉన్న యువకులు మీదపడి ఆ పలకను ఊడలాక్కోవాలి. పలక దక్కినవాడిది పౌరుషం; పలక పోకుండా ఊరు దాటిన ఎద్దు యజమానికి గౌరవం. చుట్టుపక్కల పల్లెల నుంచే గాక తిరుపతి నుంచి కూడా జనం వచ్చి మిద్దెల మీద నిండుతారు. ఏటా గాయాలు తప్పవు. పోలీసుల హెచ్చరికలూ తప్పవు.

ఆ పలకల మీద ఉండే బొమ్మలు ఈ విచారణకు ముఖ్యం. దేవుళ్ళ పటాలుంటాయి, వాటితోపాటు సినిమా నటుల బొమ్మలు, రాజకీయ నాయకుల బొమ్మలు ఉంటాయి. అంటే ఎద్దు కొమ్ములకు కట్టింది చెక్క మాత్రమే కాదు, ఒక అభిమానం. దానిని ఊడలాక్కొనేవాడు లాక్కునేదీ చెక్క మాత్రమే కాదు. (ఎద్దుకు ఈ పక్షాలేవీ తెలియవు. 2014 మే 7న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుకూ, తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల సవరణ చట్టాలను సమర్థించిన 2023 మే 18 నాటి రాజ్యాంగ ధర్మాసనం తీర్పుకూ ప్రధాన విషయం పసువు పడే బాధే. ఆ చర్చ విడిగా చేయదగినది.)

అభిమానమన్న పదం వచ్చిన దారి చిత్రమైనది. సాంఖ్య దర్శనం అహంకార లక్షణాన్ని అభిమానమనే చెప్పింది: ‘నేను’, ‘నాది’ అని అంటుకొనే వృత్తి అది. అమరకోశంలో గర్వం, అభిమానం, అహంకారం ఒకే వరుసలో పర్యాయాలుగా నిలుస్తాయి. దుర్యోధనుణ్ణి అభిమానధనుడు అన్నప్పుడు తెలుగు పాఠకుడికి స్ఫురించేది ఈ అర్థమే. కాలక్రమంలో అదే మాట పరుల మీద ప్రేమగా మారింది. ‘నా మీద అభిమానంతో వచ్చారు’ అన్నప్పుడు అందులో గర్వం లేదు. నటుడికో, ఆటగాడికో అభిమాని అయినవాడు తన్ను తాను మరిచి మరొకరిని ప్రేమిస్తున్నట్టు కనిపిస్తాడు. కాని పాత అర్థం పోలేదు. ఎదుటి పక్షంవాడు ఒక మాట అనగానే దెబ్బ తినేది ప్రేమ కాదు, ‘నేను’. ప్రేమించినవాడికి కోపం రావచ్చు. పరువు పోయిందనిపించడం మాత్రం అహంకారానికే సాధ్యం. ఒకే పదం రెండు బరువులను మోస్తున్నందువల్ల వాటి మధ్య జారుడు ఎప్పుడు జరిగిందో అభిమానికే తెలియదు.

సర్వనామాల విషయం మరింత సూక్ష్మం. ఇంగ్లీషు, హిందీ చేయలేని ఒక భేదాన్ని తెలుగు నిత్యం చేస్తుంది. వినేవాణ్ణి కలుపుకుంటే ‘మనం’, విడదీస్తే ‘మేము’. ఇండియా గెలిచిన రాత్రి తిరుపతి వీధిలో ‘మనం గెలిచాం’ అంటారు. వినేవాడెవడైనా ఆ గెలుపులో భాగస్థుడే. రెండు పక్షాలు ఎదురుపడ్డచోట ‘మేము గెలిచాం’ అన్న మాటకు అర్థం వేరు. ఎదుట నిలబడి వింటున్నవాడు ఓడాడన్నది ఆ సర్వనామంలోనే ఉంది. మైదానంలో బంతిని ముట్టనివాడు, తెర మీద కనిపించనివాడు ‘మేము’ అనడంలో ఉన్న సాహసం గమనించదగినది. పరుల శ్రమలో వాటా అడగడమది. ఆ వాటా అడగకపోతే అభిమానమే లేదు, చూపరుల ఆనందమూ లేదు. కాబట్టి తప్పు అక్కడ లేదు.

చిక్కు గొడవ తరువాత వస్తుంది. గెలుపును చెప్పేటప్పుడు ఉత్తమ పురుషలో మాట్లాడిన నోరే నష్టాన్ని చెప్పేటప్పుడు కర్తను వదిలేస్తుంది. ‘గొడవ జరిగింది’, ‘రాళ్ళు పడ్డాయి’, ‘కుర్చీలు విరిగాయి’, ‘అద్దాలు పగిలాయి’. తెలుగులో విరుచు పక్కన విరుగు, పగలగొట్టు పక్కన పగులు సిద్ధంగా ఉంటాయి. సకర్మక క్రియ స్థానంలో అకర్మక క్రియను నిలిపితే చాలు, చేసినవాడు వాక్యంలోనుంచి నిశ్శబ్దంగా వెళ్ళిపోతాడు. ఇది భాష దోషం కాదు. వర్షం పడిందన్నప్పుడు ఆ క్రియ సత్యమే చెబుతుంది. రాళ్ళు వర్షంలా పడవు. 1895లో గుంపు మనస్తత్వం మీద పుస్తకం రాసిన గుస్తావ్ లె బాన్ గుంపులో చేరిన మనిషి తన వ్యక్తిత్వాన్ని కోల్పోతాడన్నాడు. ఆ వర్ణనలో కొంత నిజం ఉండవచ్చు గాని దానిని నీతి విషయంలోకి తెస్తే అదీ ఒక అకర్మక క్రియే అవుతుంది: వ్యక్తిత్వం పోయింది, ఎవరూ పోగొట్టుకోలేదు.

అయితే గుంపులో జరిగిన ప్రతి మరణాన్నీ గుంపు మీద వేయడం అంతకంటె పెద్ద అన్యాయం. 2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో వైకుంఠద్వార దర్శన టోకెన్ల కోసం వేచి ఉన్నవారిలో ఆరుగురు తొక్కిసలాటలో మరణించారు. అక్కడ పక్షాలు లేవు, పగలు లేవు. ఒక స్థాయికి మించి జనం కిక్కిరిస్తే ఎవరి కాలూ ఎవరి వశంలో ఉండదు. వెనకనుంచి వచ్చిన ఒత్తిడి మనుషుల గుండా అలలా సాగుతుంది. ‘నేను తోయలేదు, నన్ను తోశారు’ అన్న మాట అటువంటి చోట సాకు కాదు, అక్షరాలా వాస్తవం. ఇంగ్లండులోని హిల్స్‌బరో మైదానంలో 1989 ఏప్రిల్ 15న జరిగిన ఒత్తిడిలో చివరకు లెక్కకు వచ్చిన మరణాలు 97. అభిమానుల దురుసుతనమే కారణమని మొదట నింద వేశారు. ఆ నింద తొలగి, అభిమానుల తప్పు లేదని విచారణలో తేలడానికి 2016 వరకు పట్టింది. కొడుకును పోగొట్టుకున్నవారు ఆ కొడుకే నేరస్థుడన్న మాటను ఇరవై ఏడేళ్ళు మోయవలసి వచ్చింది. ‘జనం అదుపు తప్పారు’ అని తేలికగా రాసేవారు ఈ సంగతి గుర్తుంచుకోదగినది. తొక్కిసలాటకు జవాబు గేట్లు మూసినవారిని, దారులు నిర్ణయించినవారిని అడగాలి. కొట్లాటకు జవాబు చేతులున్నవారిని అడగాలి.

రెండూ కలిసిపోయే సందర్భాలు లేకపోలేదు. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల మధ్య ఫుట్‌బాల్ పోటీలో మైదానంలో ఇద్దరు ఆటగాళ్ళ తగాదా మెట్ల మీద కూర్చున్న జనంలోకి పాకింది. రెండు పక్షాల అభిమానులను కలిపి కూర్చోబెట్టారు. కొట్లాట మొదలై, అది తప్పించుకోబోయినవారి తొక్కిసలాటగా మారి, 16 మంది చనిపోయారు. చనిపోయినవారిలో చేయి ఎత్తినవారెవరో, తప్పించుకోబోయినవారెవరో వేరుచేయడం ఎవరి తరమూ కాలేదు. అక్కడ హానా ఆరెంట్ చేసిన విభజన ఉపకరిస్తుంది. దోషం ఎప్పుడూ వ్యక్తిదే; బాధ్యత మాత్రం ఒక సముదాయంలో సభ్యుడైనందువల్ల, తాను చేయని పనికి కూడా రావచ్చునని ఆమె అన్నది. తెలుగులో ఈ రెండవదానికి ‘పూచీ’ అన్న మాట బాగా అతుకుతుంది. అప్పు తీసుకున్నది మరొకడు. పూచీ పడ్డవాడు దొంగ కాడు, కాని తీర్చవలసి వస్తే తీర్చాలి. కలకత్తాలో ఏటా ఆగస్టు 16న రక్తదానం చేసే అభిమానులు నాటి దోషులు కారు. చాలామంది అప్పటికి పుట్టనుకూడా లేదు. వారిది పూచీ.

ఈ దృష్టితో చూస్తే గెలుపులో ‘మేము’ అన్నవాడు నష్టంలోనూ ‘మేము’ అనవలసి ఉంటుంది. ఆటగాడి శ్రమలో వాటా తీసుకున్నవాడు పక్కవాడు విసిరిన రాయిలో వాటా లేదనడం కుదరదు. సర్వనామం ఒక్కటే కాబట్టి లెక్కా ఒక్కటే.

కాని ఈ సూత్రాన్ని తిప్పి పట్టుకుంటే అదే కత్తి అవుతుంది. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్‌లో హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలోని భారత జట్టు దక్షిణ కొరియాను 2–1తో ఓడించింది. అంత పెద్ద మైదానం ఆ జట్టును అడుగడుగునా గేలి చేసింది. కారణం జట్టు చేసిన పని కాదు. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వనందుకు ఆ క్రీడల అధికారికతను ప్రశ్నించిన భారతీయ క్రీడాధికారి గురుదత్త్ సోంధీ మాటలు. ఒకరు అన్నదానికి పదకొండుగురు ‘మీరు’ అయ్యారు. పూచీని తనకు తానుగా నెత్తిన వేసుకోవడం వేరు, ఎదుటి సముదాయం నెత్తిన వేయడం వేరు. ‘మేము చేశాం’ అన్న వాక్యం నిజం కాగల చోట్ల కూడా ‘మీరు చేశారు’ అన్నది అబద్ధం కావచ్చు. ఉత్తమ పురుషలో పూచీగా ఉన్నది మధ్యమ పురుషలోకి రాగానే పగ అవుతుంది. రాయలసీమకు ఈ తేడాను వేరే చెప్పనక్కరలేదు. ముఠా తగాదాల నడిమి దశాబ్దాలలో ఎదుటి వర్గంవాడన్న ఒక్క కారణంతో చనిపోయినవారి కుటుంబాలు ఈ నేల మీదే ఉన్నాయి.

2016 ఆగస్టులో కోలారు దగ్గర జరిగిన హత్యను ఇక్కడ తలచుకోక తప్పదు. తిరుపతికి చెందిన ఒక యువకుడు అవయవదానం గురించిన కార్యక్రమానికి వెళ్ళాడు. అక్కడ తన అభిమాన నటుణ్ణి గురించి, మరొక నటుడి అభిమానులతో మాటల తగాదా వచ్చింది. ఆ తగాదా కత్తిపోటుతో ముగిసింది. ఆ నటుడు తిరుపతికి వచ్చి కుటుంబాన్ని పరామర్శించారు. ఆ రాత్రి అక్కడ మైదానం లేదు, వేలాది జనం లేరు, గెలుపోటములు తేలే ఆట కూడా లేదు. అయినా గుంపు ఉంది. తగాదా పడ్డవారి లోపల ఉంది. తన అవయవాలు ఎవరికైనా సరే ఇవ్వడానికి సిద్ధపడడం ‘మనం’ అన్న భావనకు పరాకాష్ఠ. అదే సభ ముంగిట ‘మేము’ ఒక ప్రాణం తీసింది. చేసినవాడి దోషం న్యాయస్థానం తేల్చవలసినది. అప్పటిదాకా రెండు వైపులా బిరుదులు, జేజేలు, వెక్కిరింతలు పంచుకుంటూ వచ్చినవారిలో ఎందరు దానిని ‘జరిగిపోయింది’ అన్న క్రియతో సరిపెట్టారన్నది మాత్రం న్యాయస్థానం అడగని ప్రశ్న.

పోటీకి ముగింపు ఉండడంలో ఒక నైతిక విలువ ఉన్నదని ఇక్కడ గుర్తించవలసి ఉంది. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బండ వేషం, తోటి వేషం వేసినవారు నడివీధిలో బూతులు తిట్టవచ్చు. పడేవాడు నవ్వుతూ పడతాడు. వేషానికి రోజు ఉంది, జాతరకు చివరి రోజు ఉంది. అమ్మవారి విశ్వరూపం మట్టిని జనం ప్రసాదంగా పట్టుకెళ్ళాక ఆ తిట్టు చెల్లదు. తిట్టినవాడు, పడ్డవాడు ఇద్దరూ గంగమ్మ బిడ్డలేనన్న ‘మనం’ ఆ తిట్టుకు వెనక ఉంది. పల్నాటి కథలో జరిగింది ఇందుకు పూర్తిగా విరుద్ధం. కోడిపందెం ముగిసింది గాని పణం ముగియలేదు. ఓడినవారికి ఏడేళ్ళ వలస, ఆ తరువాత కారెంపూడి యుద్ధం. పుంజుల పోరు పందెపు బరిలో ఆగివుంటే వీరుల గుడి అవసరమే ఉండేది కాదు. సినిమా అభిమానపు పోటీకి బరి లేదు, ఈల ఊది ఆట ఆపే రిఫరీ లేడు. బ్యానరు ఎత్తులో కూడా పోటీయే. 2020 సెప్టెంబరు 1న కుప్పం సమీపంలోని శాంతిపురంలో తమ అభిమాన నటుడి పుట్టినరోజు బ్యానరు కడుతూ ముగ్గురు కరెంటు తగిలి చనిపోయారు. ఎదుట ప్రత్యర్థి ఎవరూ లేరు.

రంగంపేట ఈ రెండింటికీ నడుమ ఎక్కడో ఉంది. పలక చేతికి రాగానే ఆ ఎద్దుతో పందెం ముగుస్తుంది. కనుమ దాటితే ఎద్దు మళ్ళీ కాడి మోయాలి, పలక లాక్కున్నవాడు, ఎద్దు యజమాని ఒకే బస్సులో తిరుపతికి పోవాలి. అయితే ఇది ఒక సంఘం టిక్కెట్లు పెట్టి జరిపే పోటీ కాదు. ఎవరి ఎద్దును వారు తోలుతారు, ఎవరి ఇష్టాన వారు వీధిలోకి దిగుతారు, చూడవచ్చినవారు తమంతట తామే వస్తారు. పండుగ ఎవరిదంటే ‘మాది’ అనడానికి ఊరంతా ఉంది. కొమ్ము దిగి రుయా ఆసుపత్రిలో పడుకున్న కుర్రవాడు ఎవరి పూచీ అంటే, ‘వాడే వచ్చాడు, పసువు పొడిచింది’ అంటారు. పొడిచింది అన్న క్రియ ఇక్కడ సకర్మకమే, కర్త కూడా ఉంది. ఆ కర్తను వీధిలోకి తోలినవారు, దాని కొమ్ములకు పటం కట్టినవారు, మిద్దె మీదనుంచి ఈలలు వేసినవారు మాత్రం ఆ వాక్యంలో లేరు.