నేను వ్రాయలేదు, పంపానంతే



ఈ మధ్య ఒక ఆదివారం పూజ ముగిశాక ఒక తల్లి తన కుమారుణ్ణి వెంటబెట్టుకొని నా దగ్గరకు వచ్చింది. కుర్రవాడికి పంతొమ్మిదేళ్ళు. హిందూ సోదరులు కొలిచే దేవుణ్ణి ఎగతాళి చేసే బొమ్మ ఒకటి అతని సెల్‌ఫోనుకు ఎవరో పంపారు. అతడు దానిని తన స్నేహితుల వాట్సాప్ గ్రూపులోకి పంపాడు. చిన్నప్పటినుండి తనతో ఒకే బెంచీ మీద కూర్చొని చదువుకున్న హిందూ స్నేహితుడు కూడా ఆ గ్రూపులో ఉన్నాడు. ఇప్పుడు రెండు ఇళ్ళ మధ్య మాటల్లేవు. "కేసు పెడతారా ఫాదర్?" అన్నది తల్లి భయం. "నేను వ్రాయలేదు ఫాదర్, వచ్చింది పంపానంతే" అన్నది కొడుకు జవాబు. వారి అనుమతితోనే ఈ సంగతి ముచ్చటిస్తున్నాను. ఎందుకంటే ఆ జవాబు ఆ ఒక్క కుర్రవాడిది కాదు, మనలో చాలామందిది.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. మత విశ్వాసాలను అవమానించడం నేరమని చెప్పే 295-ఎ సెక్షన్ 1927లో భారత శిక్షాస్మృతిలో చేరింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 299వ సెక్షన్ అయింది. మూడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. అయితే అవమానించాలన్న బుద్ధిపూర్వకమైన దురుద్దేశం ఉంటేనే ఇది వర్తిస్తుంది. ఆలోచన లేకుండా, అజాగ్రత్తగా అన్న మాట దీని క్రిందికి రాదని సుప్రీంకోర్టు 1957లోనే చెప్పింది. ఇతరులకు చికాకు కలిగించే రాతలను కూడా నేరంగా చూసిన ఐ.టి. చట్టంలోని 66-ఎ సెక్షన్‌ను అదే కోర్టు 2015లో కొట్టివేసింది. నొప్పించే ప్రతి మాటకూ సంకెళ్ళు వేస్తే స్వేచ్ఛ మిగలదు కనుక ఇది మంచిదే.

మరి ఇంకొకరు వ్రాసినది పంపినవాడి సంగతేమిటి? మహిళా పాత్రికేయులను కించపరిచే రాతను ఒక నటుడు ఫేస్‌బుక్‌లో పంచుకొని, తరువాత తొలగించి క్షమాపణ చెప్పాడు. అయినా, పంపినవాడు ఆ మాటకు బాధ్యుడేనని మద్రాసు హైకోర్టు 2023లో అన్నది. సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. మరోవైపు, సభ్యుడు పెట్టిన తప్పుడు మాటకు గ్రూపు అడ్మిన్ అయినంత మాత్రాన ఎవరూ నేరస్తులు కారని కేరళ హైకోర్టు 2022లో తీర్పు చెప్పింది. ఎవరి తప్పు ఎంతవరకో గీత గీయడం చట్టం పని.

మనస్సాక్షి పని వేరు. కొల్లేటి ప్రాంతం వారికి ఈ సంగతి వివరించనక్కరలేదు. బుడమేరు, తమ్మిలేరు మొదలుకొని ఎన్నో ఏర్లు, డ్రెయిన్లు కొల్లేటిలో కలుస్తాయి. నీరు సముద్రానికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. తూము ఎత్తి మురుగునీరు వదిలినవాడు "ఈ మురుగు నాది కాదు, పై చెరువు నుండి వచ్చింది" అంటే, చేపలు చచ్చిన క్రింది చెరువు రైతు ఒప్పుకుంటాడా? మురుగు ఎవరిదైనా, తూము ఎత్తిన చెయ్యి మాత్రం నీదే కదా!

పదమూడవ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు ఇంకొక మెట్టు ముందుకు వెళ్ళాడు. పరనిందను ఇష్టపడి వినేవాడు నిందించినవాడితో సమానంగా పాపంలో పాలుపంచుకుంటాడనీ, ఇష్టం లేకపోయినా భయం వల్లనో మొహమాటం వల్లనో అడ్డు చెప్పనివాడిది అంతకంటె తక్కువ పాపమే అయినా పాపమేననీ బోధించాడు. నవ్వు బొమ్మ పెట్టి ఊరుకున్నవారు ఈ మాట ఆలోచించాలి.

"అయితే మన విశ్వాసం గురించి నిర్భయంగా చెప్పకూడదా?" అని మీరు అడగవచ్చు. తప్పక చెప్పాలి. కాని సత్యం చెప్పడం వేరు, ఎదుటివాడిని చులకన చేయడం వేరు. అపోస్తలుల కార్యములు పందొమ్మిదవ అధ్యాయం తెరిచి చూడండి. ఎఫెసులో పౌలు బోధవల్ల పెద్ద అల్లరి లేచింది. అప్పుడు ఆ పట్టణపు అధికారి, తాను క్రైస్తవుడు కాకపోయినా, వీరు మన దేవతను దూషించినవారు కారు అన్న అర్థంలో సాక్ష్యం పలికాడు. పౌలు సువార్తను ఏమాత్రం తగ్గించి చెప్పలేదు, అయినా ఆ సాక్ష్యం దక్కింది. ఇతర మతాలలో సత్యమూ పవిత్రమూ అయిన దేనినీ తిరస్కరించమని 1965లో రెండవ వాటికన్ మహాసభ ప్రకటించింది. మన వీధిలోని హిందూ, ముస్లిం సోదరులు మన గురించి ఎఫెసు అధికారి చెప్పిన సాక్ష్యం చెప్పగలరా?

మాట పడేవారి వైపు కూడా మనం ఉన్నాము. కులం పేరుతో పదిమందిలో దూషించడాన్ని 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం నేరమంటుంది. తనను అలా దూషించారని ఒక పాస్టరు పెట్టిన కేసులో, క్రైస్తవ మతంలోకి మారినవారికి ఈ చట్టం వర్తించదని మన రాష్ట్ర హైకోర్టు 2025లో తీర్పు ఇచ్చింది. హిందువులు, సిక్కులు, బౌద్ధులు మాత్రమే షెడ్యూల్డు కులాల వారిగా పరిగణింపబడతారన్న 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దానికి మూలం. దళిత క్రైస్తవుల గుండెలో ఇది ముల్లు. నేను అడిగేది ఒక్కటే: చట్టం వర్తించనంత మాత్రాన దూషణ దూషణ కాకుండా పోతుందా? ఆ నోటికి పాపం అంటకుండా పోతుందా? పోదు. ఇదే కొలత మనకూ పెట్టుకుందాం. పెళ్ళి మాటల దగ్గర, పండుగ కమిటీ దగ్గర కులం ఎత్తి ఎద్దేవా చేసే నోళ్ళు మన విచారణలలో లేవా? అక్కడికి ఏ పోలీసూ రాడు. దేవుడు వింటాడు.

పాపానికి క్షమ ఉంది. కాని నష్టాన్ని సరిదిద్దే బాధ్యత క్షమతో తీరిపోదని శ్రీసభ సత్యోపదేశం. చాడీలు చెప్పిన ఒక స్త్రీని పునీత ఫిలిప్ నేరి కోడి ఈకలు పీకుతూ వీధులన్నీ తిరిగి రమ్మని, ఆ తరువాత వాటినన్నిటినీ ఏరి తెమ్మన్నాడని ఒక కథ చెబుతారు. ఫోను మీద ఒక్క వేలి తాకిడితో మనం ఎన్ని ఈకలు ఎగరేస్తున్నామో!

ఆ కుర్రవాడికి నేను చెప్పింది ఇదే: "కేసు అవుతుందో లేదో తరువాత సంగతి. ముందు ఆ గ్రూపులోనే, అందరూ చూసేలా తప్పు ఒప్పుకో. తరువాత ఆ ఇంటికి వెళ్ళు." వెళ్ళాడు. స్నేహితుడి తండ్రి గుమ్మంలోనే నిలబెట్టి విన్నాడట, లోపలికి రమ్మనలేదట. స్నేహితుడు మాత్రం వీధి చివరి వరకు తోడు వచ్చాడట. అన్ని ఈకలూ దొరకవు. దొరికినవి ఏరుకోవాలి.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థన తరువాత ఫోను ప్రక్కన పెట్టి ఆత్మశోధన చేసుకోండి. ఈ వారం నేను పంపిన మాటలలో, ఎదుటివారి గుమ్మంలో నిలబడి వారి ముఖం చూస్తూ చెప్పలేనిది ఏదైనా ఉందా? ఉంటే, రేపటి వరకు ఆగవద్దు.

ప్రభువు మీ ఇంటిని దీవించునుగాక!