చిహ్నము - స్వస్థత

రోగచిహ్నము మఱుఁగుపడిన మాత్రమున రోగము తొలఁగినదని సంతసింపవచ్చునా? ఈ ప్రశ్న వైద్యవిషయమువలెఁ గనఁబడినను మూలమున ధర్మవిషయమే.

1873వ సంవత్సరమున లండనులో విలియం గల్లును, పారిసులో లాసేగును వేఱువేఱుగా నొక వ్యాధిని వర్ణించిరి. గల్లు దానికి ‘అనొరెక్సియా నెర్వోసా’ యని పేరిడెను. అన్నమును విసర్జించుట, ఎంత కృశించినను తాను లావైపోవుదునేమో యని భయపడుట దీని లక్షణములు. దీనికి లోనగువారిలోఁ బెక్కుమంది బాలికలు, యువతులు. దేహమున కాహారము చాలనప్పుడు మెదడు అండాశయములను ప్రేరేపించుట మానును; ఈస్ట్రోజెన్ అను హార్మోను తగ్గును; ఋతువు నిలిచిపోవును. ఎముక గట్టిపడవలసిన వయసుననే యది గుల్లబాఱును.

ఈస్ట్రోజెన్ కొఱవడినచో దానినే యిత్తమని వైద్యులు హార్మోను మాత్రల నిచ్చిరి. నెలనెలయు రక్తస్రావము కనఁబడెను. తల్లి మనసు కుదుటఁబడెను. కాని 1995లో బోస్టను వైద్యులు ప్రకటించిన పరీక్షలో, ఇట్టి చికిత్స పొందినవారి యెముకలు మొత్తముమీఁద పొందనివారి యెముకలకంటె మెఱుగుపడలేదు. ఆ స్రావము మందు కలిగించినదే కాని దేహము కోలుకొన్నదనుటకు సాక్ష్యము కాదు.

2011లో నా నగరమునందే మఱియొక పరీక్ష ప్రకటితమయ్యెను. ఎదుగుదల ముగియవచ్చిన బాలికల చర్మముపై ఈస్ట్రోజెన్ పట్టీ నంటించి 18 నెలలు చూడఁగా, వెన్నెముకయందును తుంటియందును ఎముక సాంద్రత పెరిగెను. మ్రింగిన మందు ముందుగాఁ గాలేయమును జేరి, ఎముకను బెంచు రసమును తగ్గించును. పట్టీలోని మందు నేరుగా రక్తమునఁ గలియును. అయినను ఆ బాలికల యెముకలు ఆరోగ్యవంతుల యెముకలతో సమానము కాలేదు.

ఇచ్చట నిరువురు పొరపడుదురు. స్రావమును జూచి స్వస్థతయని నమ్మువాఁ డొకఁడు. ‘తినని పిల్లకు మందేల? ముందు తిననిండు’ అని కఠినముగాఁ బలుకువాఁడు మఱియొకఁడు. ఈ రెండవవాఁ డెఱుఁగవలసిన దేమనఁగా, ఇది మంకుతనము కాదు, వ్యాధి. మనసు మరలుటకు సంవత్సరములు పట్టవచ్చును. పోయిన యెముక పూర్తిగాఁ దిరిగి రాకపోవచ్చును. అంతదనుక నెముకను గాచుట దయయే కాని దోషమునకు బహుమానము కాదు. మొదటివాఁడు మన యాయుర్వేదమును దలఁచుకొనవలెను. అది సప్తధాతువులలో అస్థి నైదవదానిగా నెంచి, అన్నరసము మొదలుకొని యొకదానినుండి యొకటి పోషింపఁబడునని చెప్పెను. అన్నమునకు బదులు పట్టీ లేదు.

కావునఁ బట్టీతోఁ గూడ నిజమును నీయవలెను. ‘అమ్మా, ఇది నీ యెముకలకుఁ గొంత యాసరా మాత్రమే, నీ స్వస్థత అన్నమునందును మనశ్శాంతియందును గలదు’ అని చెప్పి యిచ్చిన మందు కరుణ. ఆ మాట దాఁచి యిచ్చినచో నదే మందు వంచన.