జలప్రసాదము – దాసోహధర్మము

పరమశివుని అష్టమూర్తులలో జలమొకటి. అందుచే వీరశైవునకు చెఱువు శివుని ప్రత్యక్షమూర్తి. అష్టావరణములలో పాదోదకమునకును, ప్రసాదమునకును స్థానము కలదు. ప్రసాదమును భక్తితో స్వీకరింపవలెను; వ్యర్థము చేయరాదు; ఒక్కడే దాచుకొనరాదు. ఈ నియమము నీటికిని వర్తించును.

పండ్రెండవ శతాబ్దమున సొన్నలిగెలో, అనగా నేటి సోలాపురమున, శివయోగి సిద్ధరాముడు జనులను కూడగట్టి గొప్ప తటాకమును త్రవ్వించెను. అల్లమప్రభువు అచ్చటికి వచ్చి, బాహ్యకర్మయందే చిక్కుకొనక అంతరంగమునందలి లింగమును దర్శింపుమని అతనికి బోధించెనని సంప్రదాయము చెప్పును. తటాకమును త్రవ్వుట సగము ధర్మము. ఆశను అదుపున నుంచుట తక్కిన సగము.

అనావృష్టి కాలమున ఈ బోధ విలువ తెలియును. చెఱువు అడుగంటుచుండ, దాని క్రింద వరి యెండుచుండును. రైతు అప్పు చేసి నారు పోసినాడు. అతని కాయకము ఫలింపనిదే ఏ యింటను దాసోహము జరుగదు. చెఱువును ముట్టవలదని అతనికి చెప్పుట సులభము. అంతమాత్రమే ధర్మము కాజాలదు. అయితే తూము మట్టమునకు దిగువ నిలిచిన నీటిని సైతము మోటారులు పెట్టి తోడివేసినచో చేపలు చచ్చును, కొంగలు తరలిపోవును, పశువులకు త్రాగునీరుండదు, చుట్టుప్రక్కల బావులలో ఊట తగ్గును. ఈ యేడు దక్కిన పంటకు మూల్యమును మరుసటి యేడు ఆ రైతే చెల్లించును.

కొల్లేరు దీనికి దృష్టాంతము. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న ఈ మంచినీటి సరస్సును 1999లో వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చిరి. బుడమేరు, తమ్మిలేరు మొదలగు వాగుల నీరు ఇందు చేరి ఉప్పుటేరు మార్గమున సముద్రమునకు పోవును. సరస్సున నీరు తగ్గినపుడు అదే మార్గమున ఉప్పునీరు ఎగదన్నును. సరస్సున నిలిపిన నీరే పొలమును ఉప్పునుండి కాచును.

కరవునాడు ఉన్న నీటికి సరిపడు భూమిని మాత్రమే, తూమునకు దగ్గరగా, అందఱును వంతులుగా పంచుకొని సాగుచేయు దామాషా పద్ధతి తెలుగు, కన్నడ సీమల చెఱువుల క్రింద ఉండెడిది. దగ్గరి పొలము గలవాడు తన నేలను ఒక కారు ఇరుగుపొరుగునకు విడుచుట దాసోహము గాక మఱేమి?

నేడును మార్గమదియే. మొదట మనుష్యులకు, పశువులకు త్రాగునీరు. పిదప నిలిచిన పైరు. తూము దిగువ నీరు చెఱువుదే. క్రొత్తగా వరి వేయక ఆరుతడి పంటలు వేయవలెను. ఎండిన మేర పూడిక తీసి పొలములకు తోలుకొనవలెను. వరి మానిన రైతు నష్టమును ఊరంతయు పంచుకొనవలెను. మాన్యములున్న మఠములు ముందుగా తమ వంతు నీటిని వదలుకొని, ఆ రైతు యింటికి ధాన్యము పంపవలెను. త్యాగమును పేదవానికే బోధించునది బసవేశ్వరుని ధర్మము కాదు.

ప్రతిదినము లింగమజ్జనమునకై తీసికొను చెంబెడు నీటిలో రైతు వంతును, పక్షి వంతును, పుట్టబోవు బిడ్డ వంతును కలదు. ఆ యెఱుకతో వాడిన నీరు ప్రసాదము; అది మఱచి వాడిన నీరు అపహరణము.