పలకల సందులు

అటక మీది చెక్కపలకల నడుమ సందులను మూయుట హింసయా, అహింసయా? ఇదియు నొక ప్రశ్నయేనా యని కొందరు నవ్వవచ్చును. మా వల్లూరు, పావగడ ప్రాంతము మెట్టసీమ. వేసవిలో కొయ్య అడ్డముగా కుంచించుకొనును, వానలకు ఉబ్బును. ఆ సందులలో రాలిన వేరుసెనగ పప్పు, దుమ్ము చేరి పురుగు పుట్టును.

మూసినచో లోనున్న జీవములు చచ్చునని ఒకరందురు. మూయకున్న ఏటేట పుట్టు పురుగుకు ఏటేట చావే గదా యని నేనందును. ప్రమాదముతో ప్రాణము తీయుటయే హింసయని ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున నిర్ణయించెను. ప్రమాదమనగా ఇచట అపాయము కాదు, అజాగ్రత్త. కావున ముందు మెత్తని కుంచెతో సందును ఊడ్చి, జీవములను నీడపట్టున విడిచి, రెండు దినములు చూచి పిదప పనికి పూనుకొనవలెను. చాతుర్మాసమున వలదు, కార్తిక పూర్ణిమ దాటనిండు. నడివేసవిలో సందునిండ కూరినచో వానలకు పలక ఉబ్బి పైకి లేచును. సన్నని బద్దను ఒక పలక అంచుకే అతికించి, రెండవవైపు వెండ్రుకవాసి వదలవలెను.

దేనితో అతికించుట? వడ్రంగులు పూర్వము వాడిన వజ్రపుబంక తోలు, ఎముకలు కాచి తీసినది. లక్క సంగతి సరేసరి. శ్రావకులకు కూడని 15 వ్యాపారములలో అదియొకటి. ఇప్పుడు రసాయనపు తెల్లజిగురు దొరకుచున్నది. చిన్న సందులకు సుద్దపొడిని అవిసెనూనెతో నూరిన మక్కు చాలును. ఇదంతయు వడ్రంగి చూచుకొనునని ఊరకుండరాదు. చేయించుట, అనుమోదించుట కూడ మన లెక్కలోనివే.

మా వీధిలోని పెద్దలొకరు ఈ బద్దల గొడవయే వద్దని పలకలన్నియు ఊడదీయించి, శుభ్రపరచి, దగ్గరకు జరిపించి, చివర మిగిలిన చోట మరొక సన్నపలక వేయించిరి. జిగురే అక్కరలేకపోయెను.