ధర్మాసుపత్రి

హిందూపురంలో గాని, పెనుకొండలో గాని, ధర్మవరంలో గాని ప్రభుత్వ వైద్యశాలను పాతతరం వాళ్లు ధర్మాసుపత్రి అంటారు. ఈ మాట నేను చిన్ననాటినుంచీ వింటున్నాను. జనం కట్టే పన్నులతో నడిచే సంస్థకు ధర్మమనే పేరు ఎందుకు నిలిచింది? ఇది భాషాశాస్త్రానికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు.

ధర్మసంస్థల స్వభావం యూరపు చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. జర్మనీలోని ఆగ్స్‌బర్గులో యాకోబ్ ఫుగ్గర్ అనే వడ్డీవ్యాపారి 1521లో పేదలకు ఒక ఇళ్లవాడ ఏర్పరచాడు. నేటికీ అక్కడ ఏడాది అద్దె ఒక యూరోకన్న తక్కువే. ఐతే కాపురమున్నవారు దాత వంశంకోసం రోజూ మూడు ప్రార్థనలు చేయాలి. ఫ్రాన్సులోని బోన్ పట్టణంలో 1443లో నికొలా రొలాన్ దంపతులు స్థాపించిన ఆసుపత్రిలో రోగుల పెద్దశాల కొసన ప్రార్థనామందిరం ఉంటుంది. అప్పటి రోగులు పడకమీదినుంచే పూజ చూడగలిగేవారు. ఆ కట్టడం అందమైనదే, దయగలదే. కాని అందులో ఒక ఒప్పందం ఉన్నది: రోగికి వైద్యం, దాతకు మోక్షం.

మన చరిత్ర భిన్నమా? రుద్రమదేవి కాలపు మల్కాపురం శాసనం (1261) గ్రామాల ఆదాయంనుంచి ప్రసూతిశాలకూ ఆరోగ్యశాలకూ భాగాలు కేటాయించింది. దాతలుగా నిలిచినవారు పాలకులు. ఆ ఆదాయం పండించినవారు రైతులు.

దాతృత్వాన్ని ఈసడించడం నా ఉద్దేశం కాదు. 1991లో పుట్టపర్తి దగ్గర తెరిచిన పెద్దాసుపత్రిలో గుండె శస్త్రచికిత్సలకు రుసుము లేదు. ధర్మవరం పక్కన బత్తలపల్లిలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఆసుపత్రి ఎందరో పల్లెవాసులకు ఆసరా అయింది. ప్రాణం నిలిచినవాడికి దాత ఉద్దేశంతో పనేమిటని ఎవరైనా అడగవచ్చు. ఆ వాదానికి బలముంది. ఐనా దాత చేయి ముడుచుకుంటే రోగి ఏం చేయగలడు? బ్రతిమాలగలడు గాని నిలదీయలేడు.

బ్రిటనులో 1948లో, చందాలతో నడిచే ఆసుపత్రులనెన్నిటినో ప్రభుత్వం తన జాతీయ ఆరోగ్యసేవలో కలుపుకున్నది. మన సుప్రీంకోర్టు కూడా, బెంగాలు వ్యవసాయ కూలీల సంఘం వేసిన కేసులో, ప్రభుత్వాసుపత్రి సకాలంలో చికిత్స చేయకపోవడం జీవించే హక్కును భంగపరచడమేనని 1996లో తీర్పు చెప్పింది. తీర్పు వచ్చింది గాని మాట మారలేదు. ధర్మవరంలో గుంటమగ్గంలో కాళ్లుంచి పట్టునేసే కార్మికుడు సబ్బు కొన్నా పన్ను కడుతున్నాడు. వైద్యానికి పోతే మాత్రం తాను ధర్మానికి వచ్చినట్టే ఒదిగి నిలబడుతున్నాడు. డాక్టరు లేకపోతే, ఉచితమే గదా అనుకుని తిరిగి పోతున్నాడు.

ఈ ఒదుగుబాటును పోగొట్టడం చదువు చెప్పే మన పనుల్లో ఒకటి. వరండాలో కూర్చున్న ముసలమ్మ "అయ్యా, కాస్త చూడండి" అనడం మాని, "ఈరోజు డాక్టరు ఎందుకు రాలేదు?" అని అడిగిననాడు ధర్మాసుపత్రి అన్న మాట దానంతట అదే వాడుక తప్పుతుంది.