బుద్ధి మరల వచ్చువరకు

ధ్యానభాగము: దానియేలు 4:33-36



నెబుకద్నెజరు సంగతిని మనము గర్వమునకు కలిగిన శిక్షగానే చదివి, ఆ అధ్యాయపు చివరి మాటలను త్వరగా దాటిపోదుము. రాజు బుద్ధి తప్పి పశువులవలె గడ్డి మేసెను. కాలము నిండగా బుద్ధి మరల వచ్చెను. అప్పుడు అతని మంత్రులును అధిపతులును అతనిని వెదకుకొనుచు వచ్చిరి. ఈ నెల మేము ఆ వెదకివచ్చినవారిని గూర్చి తలపోయుచున్నాము.

మన గ్రామములనుండి అనేకులు ఉప్పల్, నాచారం కర్మాగారములలో పనికి పోయి అక్కడనే కాపురముండిరి. 2020, 2021 సంవత్సరములలో కరోనా వచ్చినప్పుడు వెంటిలేటరు అను శ్వాసయంత్రము పేరు వారి ఇండ్లలోను మన ఇండ్లలోను వినబడెను. నేడును నిమోనియా వలన, పురుగుమందు త్రాగుట వలన దాని మీదికి పోవువారున్నారు.

అట్టివాడు ప్రాణముతో బయటపడి, భార్యను గుర్తుపట్టక, గోడమీద పాములున్నవని కేకలు వేసినయెడల, పిచ్చి యనియు దయ్యమనియు చెప్పుకొందురు. అది పిచ్చి కాదు, దయ్యము కాదు. మన పెద్దలు సంధి అనిన దానినే డాక్టర్లు డెలీరియము అందురు. గొంతులో గొట్టముండగా రోగి పెనుగులాడకుండ మత్తుమందు ఇత్తురు. మిడజోలామ్ వంటివి అనేక దినములు ఇచ్చినయెడల మెదడు తేరుకొనుట ఆలస్యమగును. రాత్రి పగలు తెలియక నిద్ర చెడును. జబ్బు వలననే ప్రాణవాయువు తగ్గుటయు కలదు. యంత్రము ఊపిరిని మరీ ఎక్కువగా ఆడించినను, రక్తములోని బొగ్గుపులుసు వాయువు తగ్గి మెదడు రక్తనాళములు ముడుచుకొనును. మాటిమాటికి రక్తము తీయుచున్నారని సణుగు బంధువులు దీనిని గమనింతురు గాక.

యంత్రమును నిందింపరాదు; అది లేనియెడల ఆ మనుష్యుడే లేడు. 1952లో కోపెన్‌హేగన్ నగరమున పోలియో వచ్చి యంత్రములు చాలనప్పుడు, సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులవారీగా చేతులతో రబ్బరు సంచులు నొక్కి రోగులకు ఊపిరి పోసిరి.

అయినను ఇంటికి వచ్చినంతనే అంతయు తీరినదనుకొనరాదు. అమెరికాలోని నాష్‌విల్ వైద్యులు తీవ్ర చికిత్సలోనున్న 821 మందిని గమనించి 2013లో ఫలితము ప్రకటించిరి. నూటికి 74 మందికి సంధి కలిగెను. ఒక సంవత్సరము తరువాత పరీక్షింపబడినవారిలో సుమారు మూడవవంతు మంది తలకు గట్టి దెబ్బ తగిలినవారివలె ఆలోచనలో వెనుకబడిరి. సంధి ఎన్ని దినములుండెనో అంతగా వెనుకబాటును ఎక్కువ. వయస్సులో చిన్నవారును దీనికి తప్పించుకొనలేదు.

కావున ఆసుపత్రిలో మీకు దొరకునది పది నిమిషములే యైనను ఏడ్చుటతో గడపకుడి. పేరు పెట్టి పిలిచి, ఇది ఏ దినమో, తాను ఎక్కడనున్నాడో చెప్పుడి. నర్సమ్మ నడిగి కళ్లజోడు పెట్టించుడి. పాములు లేవని వాదింపక చేయి పట్టుకొనుడి.

ఇంటికి వచ్చినవాడు లెక్క తప్పును, చెప్పినది మరచును. బద్ధకమని తిట్టకుడి. పొయ్యిమీద పాలు పెట్టి మరచువానిని వెంటనే కర్మాగారపు యంత్రముముందు నిలిపినయెడల వ్రేళ్లు పోవును. ముందు డాక్టరుకు ఈ మరపు సంగతి తెలియజెప్పవలెను. మరియొకటి. మతి కుదరని దినములలోనే పొలము కాగితములు పట్టుకొని వేలిముద్రకు వచ్చు బంధువులుందురు. సంఘపెద్దలారా, అట్టి ఇంటికి మీరు వారికంటె ముందుగా వెళ్లుడి. ఉదయమున వెళ్లుడి, సాయంత్రమునకు అతడు అలసిపోవును.